రిటైల్ చెయిన్ త్రైమాసిక ఫలితాలు: 135, 60, 19. మదుపరి ముందు మొదట పెట్టాల్సిన లాభం ఏది?

పద్దుచీటీ అడిగారు:

ఒక లిస్టెడ్ రిటైల్ చెయిన్ ఫలితాల ప్రకటన డ్రాఫ్టు మీద కొన్ని సందేహాలు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) ప్రకారం, 13 వారాల క్వార్టర్, అంకెలన్నీ ఒకే యూనిట్‌లో.

అమ్మకాలు 1,000 (పోయినేడు ఇదే క్వార్టర్‌లో 877). సరుకు ఖర్చు 700 (616). అద్దె కాక జీతాలు, కరెంటు, మిగతా ఖర్చులు 165. స్టోర్లకు కట్టిన స్థిర అద్దె 75. సొంత ఆస్తుల తరుగుదల 25, లీజు ఆస్తుల తరుగుదల 62, లీజు వడ్డీ 24, బ్యాంకు వడ్డీ 5.

లీజు ప్రమాణం ప్రకారం ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) 135. అద్దెను మామూలు ఖర్చుగా తీసేస్తే 60. పన్నుకు ముందు లాభం 19. డ్రాఫ్టులో మొదటి వాక్యం ఇది: "ఎబిటా మార్జిన్ 12.9% నుంచి 13.5 శాతానికి, అంటే 0.6 శాతం మెరుగుపడింది. సేమ్ స్టోర్ అమ్మకాలు 6% పెరిగాయి." (సేమ్ స్టోర్ అంటే కొంతకాలంగా నడుస్తున్న పాత స్టోర్లు.) పన్నుకు ముందు లాభం మూడో పేజీలో ఉంది. దాని పైన "సర్దుబాటు చేసిన లాభం 28" అని ఇంకో వరుస ఉంది. కొత్త స్టోర్లు తెరవడానికైన ఖర్చు 9 వెనక్కి కలిపితే వచ్చిన అంకె అది.

ఇంకో రెండు విషయాలు. ఒక పెద్ద సరఫరాదారు ఇచ్చే రిబేటు (కొనుగోళ్ల మీద వెనక్కిచ్చే తగ్గింపు) 18 ఈ క్వార్టర్ సరుకు ఖర్చులోంచి తగ్గించారు. పోయినేడు ఇలాంటిది లేదు. సరుకు నిల్వ 560 నుంచి 740కి పెరిగింది. లాభం కనిపిస్తోంది కానీ బ్యాంకులో నగదు తగ్గింది. ఏది ముందు పెట్టాలి, ఏది సరిచేయాలి?

---

తరుగుదల గారి జవాబు:

లీజుల సంగతి మొదట చూద్దాం, 135కీ 19కీ మధ్య దూరంలో ఎక్కువ భాగం అక్కడే ఉంది.

లీజు ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 (2019 జనవరి 1 నుంచి అమలు) వచ్చాక స్థిర అద్దె ఖర్చుల వరుసలోంచి మాయమై తరుగుదల, వడ్డీ అనే రెండు ముక్కలైంది. ఆ రెండూ ఎబిటా గీతకు కింద ఉంటాయి. అందుకే 75 అద్దె కడుతున్నా ఎబిటాలో అది కనపడదు. అద్దె షాపుల మీద బతికే వ్యాపారానికి అద్దె లెక్కించకుండా లాభం చెప్పడమంటే, హోటల్ వాడు బియ్యం ఖర్చు వదిలేసి లాభం చెప్పినట్టే. 135ని చూపించవద్దని కాదు, ఒంటరిగా చూపించవద్దు. పక్కనే 60 ఉండాలి.

ఇక అద్దె 75 అయితే తరుగుదల, వడ్డీ కలిపి 86 ఎందుకైంది? 11 ఎక్కువ. ఇది తప్పు కాదు, లీజుల వయసు వల్ల వస్తుంది. ఒక్క లీజు తీసుకోండి: ఏటా చివర్లో 100 అద్దె, 10 ఏళ్లు, 8% రేటు. ఇవాళ్టి విలువ 671. తరుగుదల ఏటా 67.1. మొదటి ఏడాది వడ్డీ 53.7, కలిపి 120.8. కట్టింది మాత్రం 100. అయిదో ఏట 104.1, ఆరో ఏట 99.0, పదో ఏట 74.5. పదేళ్లూ కలిపితే అదే 1,000. స్టోర్లు వేగంగా తెరుస్తున్న చెయిన్‌లో లీజులన్నీ చిన్న వయసువే కాబట్టి లాభం అద్దె లెక్క కంటే తక్కువగా కనిపిస్తుంది. విస్తరణ ఆగాక ఇది తిరగబడుతుంది. అప్పుడు "లాభదాయకత మెరుగైంది" అని రాయాలనిపిస్తుంది, నిజానికి మెరుగైంది ఏమీ ఉండదు. ఈ 11 సంగతి రెండు వాక్యాల్లో ఇప్పుడే చెప్పేస్తే అప్పుడు చిక్కు ఉండదు.

జనం తరచూ తప్పులో కాలేసే చోట్లు:

అమ్మకాల మీద శాతంగా కట్టే అద్దె లీజు బాధ్యతలోకి రాదు, నేరుగా ఖర్చే. అలాంటి అద్దెలు ఎక్కువున్న చెయిన్ ఎబిటా, స్థిర అద్దెల చెయిన్ ఎబిటా పక్కపక్కన పెడితే పోలిక చెల్లదు. అమెరికా ప్రమాణంలో ఆపరేటింగ్ లీజు ఖర్చు ఇప్పటికీ నిర్వహణ ఖర్చుల్లోనే ఉంటుంది, కాబట్టి అక్కడి చెయిన్ ఎబిటాకి దగ్గరిది ఈ 60 మాత్రమే.

నగదు ప్రవాహంలో కూడా ఇదే తంటా. అద్దెలో అసలు భాగం ఫైనాన్సింగ్ కింద పడుతుంది. "నిర్వహణ నగదు" లావుగా కనిపిస్తుంది. మదుపరికి పనికొచ్చేది లీజు చెల్లింపులు పూర్తిగా తీసేశాక మిగిలేదే.

---

గల్లాపెట్టె జవాబు:

ఆ 6% సంగతి నేను చూస్తాను.

సేమ్ స్టోర్ అమ్మకాలకు ఏ అకౌంటింగ్ ప్రమాణంలోనూ నిర్వచనం లేదు. ఎవరి కొలబద్ద వారిది. కాబట్టి అంకె కంటే ముందు అడగాల్సింది: ఎన్ని నెలలు నిండిన స్టోరు లెక్కలోకి వస్తోంది? పోయినేడు ప్రకటనలోనూ అదే కొలతా?

12 నెలలు నిండగానే కలిపేస్తే, కొత్త స్టోరు రెండో ఏడాది ఎదుగుదల మొత్తం "పాత స్టోర్ల వృద్ధి"లోకి వచ్చేస్తుంది. కొత్త స్టోరు నిలదొక్కుకోవడానికి టైము పడుతుంది కదా, రెండో ఏట 20% పెరిగినా వింత లేదు. 18 నెలలు పెడితే ఆ ఊపు చాలావరకు పోతుంది. కొలత మార్చడం నేరం కాదు, కానీ మార్చిన క్వార్టర్‌లో పాత కొలత ప్రకారం అంకె కూడా పక్కన ఇవ్వాలి, పోయినేడు అంకెను కొత్త కొలతకు మార్చి చూపాలి.

ఇంకా చూడాల్సినవి: మరమ్మతులకు మూసిన స్టోరు ఆ వారాలకు రెండేళ్ల లెక్కలోంచీ బయటికెళ్లిందా, లేక తెరిచాక ఖాళీ వారాలతో పోల్చి వృద్ధి చూపిస్తున్నారా? స్టోర్లోంచి పంపిన ఆన్‌లైన్ ఆర్డర్లు ఆ స్టోరు ఖాతాలో పడ్డాయా? పక్కపక్క స్టోర్లలో ఒకటి మూసేస్తే దాని గిరాకీ రెండో దానికి పోతుంది. మూసింది లెక్కలో ఉండదు, మిగిలింది మాత్రం ఎగిరి కనిపిస్తుంది. ఇది చాలామంది గమనించని తిరకాసు.

తర్వాత ఆ శాతాన్ని రెండుగా విడదీయండి: బిల్లుల సంఖ్య, సగటు బిల్లు. బిల్లులు 2% తగ్గి మొత్తం 6% పెరిగిందంటే సగటు బిల్లు 8.2% పెరిగినట్టు (1.06 ÷ 0.98). ధరలు పెంచడం వల్ల వచ్చిన వృద్ధికీ, మనుషులు ఎక్కువ రావడం వల్ల వచ్చిన వృద్ధికీ మదుపరి ఒకే విలువ కట్టడు.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. వారాల క్యాలెండర్ వాడే చెయిన్లకు అయిదారేళ్లకోసారి 53వ వారం వస్తుంది. అమెరికా రిటైల్ క్యాలెండర్‌లో 2017, 2023 అలాంటివి. 14 వారాల క్వార్టర్ అంటే అమ్మకాలకు 7.7% ఉచితంగా కలిసినట్టు. పైగా అద్దె, తరుగుదల నెలవారీగా రాసేస్తుంటే ఆ అదనపు వారం గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లోంచి సరుకు ఖర్చు పోగా మిగిలేది) దాదాపు నేరుగా లాభంలోకి జారుతుంది. మీది 13 వారాలే అన్నారు కాబట్టి ఈసారికి సరే. పోయినేడు కూడా 13 వారాలేనా, వారాలు పండగ సీజన్‌కి ఒకే చోట పడ్డాయా అన్నది చూడండి.

---

అటకమీదిస్టాక్ జవాబు:

పై ఇద్దరూ చెప్పింది చూపించే తీరు గురించి. ఆ 18 రిబేటు మాత్రం లాభం అంకెనే మార్చేస్తుంది.

సరుకు నిల్వల ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం కొనుగోలు రిబేటు సరుకు కొన్న ధరలోంచి తగ్గాలి. అంటే సరుకు అమ్ముడైన మేరకే లాభంలోకి వస్తుంది. ఇంకా అరల్లో ఉన్న సరుకు తాలూకు రిబేటు నిల్వ విలువలోనే తగ్గి కూర్చోవాలి. ఏ కొనుగోళ్ల మీద ఈ 18 వచ్చింది, వాటిలో ఎంత సరుకు క్వార్టర్ చివర్లో మిగిలింది? ఒప్పందం ఎలా ఉంది? స్థిరమైన శాతమా, ఒక మెట్టు దాటితేనే ఇచ్చేదా?

రిటైల్ లెక్కల్లో అన్నిటికంటే పెద్ద గుంట ఇదే. 2014 సెప్టెంబరులో బ్రిటన్ సూపర్‌మార్కెట్ చెయిన్ టెస్కో అర్ధ సంవత్సర లాభం అంచనా సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువగా చెప్పామని ప్రకటించింది. అక్టోబరుకి అది 26.3 కోట్లకు చేరింది: అందులో 11.8 కోట్లు ఆ అర్ధ సంవత్సరానివి, 7 కోట్లు అంతకుముందు ఏడాదివి, 7.5 కోట్లు ఇంకా వెనకవి. సరఫరాదారుల నుంచి వచ్చే వాణిజ్య ఆదాయాన్ని ముందుగా లెక్కేయడం, దానికి సంబంధించిన ఖర్చులను ఆలస్యంగా రాయడం కారణం. 2017లో దాని బ్రిటన్ అనుబంధ సంస్థ విచారణ వాయిదా ఒప్పందం (షరతులు పాటిస్తే విచారణ ఆపే ఏర్పాటు) కింద 12.9 కోట్ల పౌండ్ల జరిమానాకు ఒప్పుకుంది. కేసు ఎదుర్కొన్న ముగ్గురు అధికారులు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు. ఏడాది చివరి మెట్టు మీద ఆధారపడే డబ్బును మధ్యలోనే లాభంగా రాసుకుంటే, తర్వాతి పీరియడ్‌లో ఆ గుంట పూడ్చడానికి ఇంకా పెద్ద మొత్తం ముందుకు లాక్కోవాల్సి వస్తుంది. వెనక ఏళ్లదాకా పాకింది అందుకే.

నిల్వ రోజులు (ఉన్న సరుకు ఎన్ని రోజుల అమ్మకాలకు సరిపోతుందో) కూడా చూశాను. 740 ÷ (700 ÷ 91) = 96 రోజులు. పోయినేడు 560 ÷ (616 ÷ 91) = 83. అమ్మకాలు 14% పెరిగితే నిల్వ 32% పెరిగింది. మీ నగదు అక్కడే కూర్చుంది. ఇందులో పాతబడిన సరుకు ఎంత, దాని ధర తగ్గించి రాశారా? డిస్కౌంట్ బోర్డు పెట్టడం ఒక క్వార్టర్ ఆపితే ఆ క్వార్టర్ మార్జిన్ బాగుంటుంది, అంతే.

సరుకు తరుగు (దొంగతనం, పగుళ్లు, బిల్లింగ్ తప్పులు) కూడా అడగండి. లెక్కింపుల మధ్య దాన్ని అమ్మకాల్లో శాతంగా అంచనా వేసి రాస్తారు. 1.0% రాసి, చేతితో లెక్కపెడితే 1.6% తేలితే, 1,000 అమ్మకాల మీద 6 లాభం లేనిదే. మీ 19లో దాదాపు మూడో వంతు.

---

పద్దుచీటీ:

వివరాలు తెచ్చాను. ఒప్పందం ఈ క్వార్టర్ మొదటి రోజున మొదలైంది. 12 నెలల్లో కొనుగోళ్లు 2,000 దాటితే మొత్తం మీద 4%, దాటకపోతే సున్నా. ఈ క్వార్టర్ కొనుగోళ్లు 450, అందుకే 18. అందులో 200 సరుకు ఇంకా గిడ్డంగిలోనూ స్టోర్లలోనూ ఉంది.

సేమ్ స్టోర్ కొలత పోయినేడు 18 నెలలు, ఈసారి 12 చేశారు. పాత కొలతలో 3.5%. బిల్లుల సంఖ్య 2% తగ్గింది, గల్లాపెట్టె గారు ఉదాహరణకి రాసిన అంకే నిజమైంది. పోయినేడు కూడా 13 వారాలే, పండగ సీజన్ రెండేళ్లూ ఒకే వారాల్లో పడింది. స్టాక్ లెక్కింపు ఈ క్వార్టర్‌లోనే పూర్తయింది, తరుగు సర్దేశారు.

---

అటకమీదిస్టాక్:

అయితే రెండు దశల్లో చూడాలి.

మొదటిది, రిబేటు వస్తుందని నమ్మకం ఉందనుకుందాం. 200 సరుకు మిగిలింది కాబట్టి దాని 4%, అంటే 8, నిల్వ విలువలోకి పోవాలి. లాభంలో 10 మాత్రమే. సరుకు ఖర్చు 708, గ్రాస్ లాభం 292, నిల్వ 732. పన్నుకు ముందు లాభం 11. గ్రాస్ మార్జిన్ పోయినేడు 29.8%. డ్రాఫ్టులో 30.0%, సరిచేశాక 29.2%. పెరిగిందన్నది కాస్తా తగ్గిందన్నది అయింది. ఎబిటా మార్జిన్ కూడా 12.7%. అంటే పోయినేడు కంటే తక్కువ. మీ మొదటి వాక్యమే నిలబడదు.

రెండోది, అసలు ఆ నమ్మకం ఉందా? మధ్యంతర ఫలితాల ప్రమాణం ఐఏఎస్ 34 ప్రకారం ఒప్పందంలో రాసున్న రిబేటును మధ్య క్వార్టర్లలో ముందుగా లెక్కేయొచ్చు, అది సంపాదించే అవకాశమే ఎక్కువగా ఉంటే. సరఫరాదారు దయతలచి ఇచ్చేదైతే ఆ వీలూ లేదు. ఇక్కడ మిగిలిన మూడు క్వార్టర్లలో 1,550 కొనాలి, క్వార్టర్‌కి దాదాపు 517. ఇప్పుడే 94 రోజుల సరుకు ఉంది (732 ÷ (708 ÷ 91)), బిల్లులు తగ్గుతున్నాయి. మెట్టు కోసం అవసరం లేని సరుకు కొంటే 4% వచ్చి ఆ తర్వాత డిస్కౌంట్లలో అంతకంటే ఎక్కువ పోతుంది. నమ్మకం లేదని తేలితే మిగతా 10 కూడా తీసేయాలి. పన్నుకు ముందు లాభం 1.

ఆడిటర్ అడిగేది కొనుగోళ్ల ప్రణాళిక, దానికి ఆధారమైన అమ్మకాల అంచనా, సరఫరాదారు నుంచి నేరుగా వచ్చిన బాకీ ధృవీకరణ. ఈమెయిల్‌లో "చూద్దాం" అని ఉన్నది ఒప్పందం కాదు. పక్క ఒప్పందాలు ఉన్నాయేమో కొనుగోలు విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.

నగదు విషయంలో ఇంకొకటి: సరఫరాదారులకు బ్యాంకు ద్వారా ముందే కట్టించి తర్వాత బ్యాంకుకి తీర్చే ఏర్పాటు ఉంటే, 2024 నుంచి ఐఏఎస్ 7 (నగదు ప్రవాహాల ప్రమాణం) సవరణ ప్రకారం వార్షిక నోట్లలో విడిగా చెప్పాలి. బాకీ రోజులు ఉన్నట్టుండి పెరిగితే మొదటి అనుమానం అక్కడే.

---

త్రాసుముల్లు జవాబు:

"సర్దుబాటు చేసిన 28" గురించి ఎవరూ మాట్లాడలేదు. కొంచెం వేరే మాట చెబుతాను: సర్దుబాటు అంకెలన్నీ మోసం కాదు. అగ్నిప్రమాదంలో కాలిన గిడ్డంగి నష్టం విడిగా చూపిస్తే మదుపరికి మేలే.

స్టోర్లు తెరిచే ఖర్చు అలాంటిది కాదు. విస్తరణే వ్యాపార పద్ధతి అయిన చెయిన్‌లో అది ప్రతి క్వార్టర్ ఉంటుంది. ఐఏఎస్ 38 (కంటికి కనపడని ఆస్తుల ప్రమాణం) దాన్ని ఆస్తిగా మోయనివ్వదు, అయినప్పుడే ఖర్చు రాయాలి. దాన్ని తీసేసి, ఆ స్టోర్లు తెచ్చిన అమ్మకాలు మాత్రం ఉంచుకోవడం ఒంటి చేత్తో చప్పట్లే. కావాలంటే "ఈ క్వార్టర్‌లో స్టోర్లు తెరిచే ఖర్చు 9" అని కింద వాక్యంగా రాయండి, లెక్క పాఠకుడే వేసుకుంటాడు.

వరుస కూడా ముఖ్యం. యూరప్‌లో 2016 జులై నుంచి ఉన్న ఎస్మా (అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం సర్దుబాటు అంకెకు ప్రమాణం ప్రకారం వచ్చిన అంకె కంటే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వకూడదు. అమెరికాలో ఫలితాల ప్రకటనలో ప్రమాణపు అంకెకు సమానమైన లేదా అంతకన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. మూడో పేజీలో లాభం, మొదటి వాక్యంలో ఎబిటా అంటే రెండు చోట్లా అడుగుతారు. 2027 జనవరి 1న లేదా ఆ తర్వాత మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 (ఫలితాలు చూపించే తీరు మీద కొత్త ప్రమాణం) వర్తిస్తుంది. యాజమాన్యం సొంతంగా కట్టుకున్న లాభం అంకెలు ఆడిట్ అయ్యే నోట్లలోకి వచ్చి, ప్రమాణం అంకెతో వరుస వరుసా కలపాలి. ఎబిటాని మాత్రం అది కూడా నిర్వచించలేదు. 28 లాంటివి ఇప్పుడే మానేస్తే తర్వాత వివరణలు ఇచ్చుకునే పని ఉండదు.

---

పద్దుచీటీ:

రిబేటు నమ్మకం మీద కొనుగోలు విభాగం ప్రణాళిక వచ్చింది, తర్వాతి మూడు క్వార్టర్లకు 480, 530, 560. ఆడిటర్ ఇంకా చూస్తున్నారు. 10 ఉంచే లెక్కలో మొదటి పేరా ఇలా మార్చాం:

"పన్నుకు ముందు లాభం 11. అమ్మకాలు 14% పెరిగి 1,000. గ్రాస్ మార్జిన్ 29.8% నుంచి 29.2 శాతానికి, అంటే 0.6 శాతం తగ్గింది. ఎబిటా 127, అద్దె తీసేశాక 52. సేమ్ స్టోర్ అమ్మకాలు 3.5% (18 నెలల కొలత), గణనీయమైన వృద్ధి."

---

తరుగుదల:

మూడు చిన్న మార్పులు. "0.6 శాతం" కాదు, 0.6 శాతం పాయింట్లు లేదా 60 బేసిస్ పాయింట్లు. 29.8 మీద 0.6 శాతం అంటే 0.18 మాత్రమే, పాత డ్రాఫ్టులోనూ ఇదే తప్పు. "గణనీయమైన" తీసేయండి, బిల్లులు 2% తగ్గాయని ఆ చోట రాయండి. పన్నుకు ముందు లాభం పక్కన పోయినేడు అంకె లేదు, అది లేకుండా 11 ఎక్కువో తక్కువో చదివేవాడికి తెలియదు.

---

అటకమీదిస్టాక్:

ప్రణాళిక మొత్తం 1,570, కావాల్సింది 1,550. అంటే వెసులుబాటు 20 మాత్రమే. ఏ ఒక్క క్వార్టర్ కొనుగోళ్లు 5% తగ్గినా మెట్టు దాటరు. ఇంత సన్నని అంచు మీద 10ని లాభంలో ఉంచడానికి ఆడిటర్ ఒప్పుకుంటారని నేననుకోను. లాభం 1 తో ఉండే రెండో డ్రాఫ్టు కూడా ఈ రాత్రే తయారుచేసి పెట్టుకోండి.